ముప్పై మందికి ముప్పై రెండు జీబీ: ఒక ల్యాబ్ సర్వర్ డైరీ

గోదావరి ఒడ్డున ఒక డిగ్రీ కళాశాల కంప్యూటర్ ల్యాబ్. ముప్పై పాత డెస్క్‌టాప్‌లు, ఒక్కొక్కదానిలో 2 జీబీ మెమరీ. తెర, కీబోర్డు, మౌస్ వరకే వాటి పని. ప్రోగ్రాములన్నీ గది మూలన ఉన్న ఒక్క సర్వర్‌లో నడుస్తాయి. అందులో డెబియన్ 12 అనే లినక్స్, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్, విద్యార్థులను లోపలికి తెచ్చే ఎక్స్‌ఆర్‌డీపీ. ప్రాసెసర్‌కు 8 కోర్లు, మెమరీ 32 జీబీ. పదిహేనో విద్యార్థి లాగిన్ అయ్యేసరికి హార్డ్ డిస్కు గరగరమంటుంది, గదిలో అందరి మౌస్ బాణాలూ ఒకేసారి ఆగిపోతాయి.

మెమరీ కొనవచ్చు కదా అనేవారికి జవాబు: ఇది డీడీఆర్3 కాలపు బోర్డు. ఎనిమిది స్లాట్లలోనూ 4 జీబీ స్టిక్కులు ఉన్నాయి, ఖాళీ లేదు. పెంచాలంటే ఉన్నవి తీసి పక్కన పెట్టాలి. కొత్తవి కొనాలన్న దస్త్రం ఆఫీసులో ఉంది, అక్కడే ఉంటుంది.

లక్ష్యం ఇలా తేల్చుకున్నాను. కెర్నల్‌కు (లినక్స్ మూల భాగానికి) కనిపించే మెమరీ 31.2 జీబీ. సర్వర్ సొంత ఖర్చు 2 జీబీ. ఫైళ్ల కాష్‌కు (చదివిన ఫైళ్లను మెమరీలో దాచుకునే చోటుకు) కనీసం 2 జీబీ వదలాలి, లేకపోతే ప్రతి ప్రోగ్రామూ డిస్కు నుంచి పాకుతూ వస్తుంది. మిగిలిన 27.2 జీబీని ముప్పై మందికి పంచితే మనిషికి సుమారు 900 ఎంబీ.

దశ 0: కొలత

రెండు వారాలు ఇక్కడే పోయాయి. ఈ దశను దాటవేసి ముందుకెళ్లిన ప్రతిసారీ వెనక్కి రావలసి వచ్చింది.

మొదట పీఎస్ ఆదేశం ప్రతి ప్రాసెస్‌కూ (నడుస్తున్న ప్రోగ్రాముకు) చూపించే ఆర్‌ఎస్‌ఎస్ అంకెలన్నీ, అంటే అవి ర్యామ్‌లో ఆక్రమించిన చోటు, కూడాను. మొత్తం 61 జీబీ. ఉన్నది 32. కారణం తెలిసినదే, నేను మరిచిపోయాను: అనేక ప్రాసెస్‌లు పంచుకునే పేజీలను (మెమరీ ముక్కలను) ఆర్‌ఎస్‌ఎస్ ప్రతి ప్రాసెస్ ఖాతాలోనూ పూర్తిగా వేస్తుంది. పధ్నాలుగు మంది కిటికీలు, బటన్లు గీసే ఒకే జీటీకే లైబ్రరీ వాడుతున్నా మెమరీలో ఉండేది ఒక్క ప్రతి. షేర్ ఆటో దిగిన నలుగురిలో ప్రతి ఒక్కరూ కిరాయంతా తామే ఇచ్చామని చెబితే ఎంత వస్తుందో ఈ అంకె అంత.

కావలసినది పీఎస్‌ఎస్. ఒక పేజీని పది ప్రాసెస్‌లు వాడుతుంటే ఒక్కొక్కదానికి పదో వంతే రాస్తుంది. స్మెమ్ అనే పరికరం దీన్ని చూపిస్తుంది. కానీ రద్దీ వేళ రూట్‌గా నడిపితే నలభై సెకన్లు పట్టింది, ఆ నలభై సెకన్లూ విద్యార్థుల తెరలు తడబడ్డాయి. అందుకని చిన్న పైథాన్ స్క్రిప్టు రాసుకున్నాను.

1. ప్రాక్ డైరెక్టరీలో ప్రతి ప్రాసెస్ నంబరు కింద స్మ్యాప్స్‌_రోలప్ అనే ఫైలు ఉంటుంది (కెర్నల్ 4.14 నుంచి). రూట్‌గా దాన్ని మాత్రమే చదవాలి, పెద్ద స్మ్యాప్స్ ఫైలును ముట్టుకోవద్దు.
2. పీఎస్‌ఎస్ అంకెకు స్వాప్‌పీఎస్‌ఎస్ అంకెను (స్వాప్‌లోకి, అంటే మెమరీ చాలక డిస్కు మీదికి వెళ్లిన వాటాను) కలపాలి.
3. ప్రాసెస్ యజమాని పేరు మీద కూడాలి.
4. ఐదు నిమిషాలకోసారి నమోదు. పోలిక ఎప్పుడూ ఒకే తరగతితో: మంగళవారం రెండో పీరియడ్, అదే పాఠం.

రెండో అంశం నాకు ఆలస్యంగా తెలిసింది. మొదటి వారం స్వాప్‌ను కలపలేదు. ఒకరోజు సగటు 300 ఎంబీ తగ్గిందని సంబరపడ్డాను. తగ్గింది ఏమీ లేదు, ఆ 300 డిస్కు మీదికి వెళ్లి కూర్చుంది.

సేవలనూ సెషన్లనూ నడిపే సిస్టమ్‌డీ ప్రతి వినియోగదారుకూ ఇచ్చే సీగ్రూప్ (ప్రాసెస్‌ల గుంపు) లెక్క ఇంకా సులభం కదా అనిపించింది. సిస్టమ్‌డీ-సీజీటాప్ నడిపితే ఒక్కో విద్యార్థి ఎంత వాడుతున్నాడో వరుసగా వస్తుంది. కానీ సీగ్రూప్ ఒక ఫైలు పేజీని మొదట ఎవరు ముట్టుకుంటే వారి ఖాతాలోనే రాస్తుంది. పొద్దున్నే మొదట వచ్చిన అమ్మాయి పేరు మీద ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ లైబ్రరీలన్నీ పడ్డాయి. ఆమెకు 2.1 జీబీ, పక్కన అవే ప్రోగ్రాములు తెరిచిన కుర్రాడికి 1.1 జీబీ. ఆమెను పిలిచి ఏం తెరిచావమ్మా అని అడిగాను కూడా. తరువాత క్షమాపణ చెప్పుకున్నాను.

ఇంకొక దొంగ ఈ రెండు లెక్కలకూ దొరకలేదు. ఫ్రీ ఆదేశంలో షేర్డ్ అనే గడి ఎప్పుడూ 2 జీబీ పైనే ఉంటోంది. గత ఏడాది వేగం కోసమని టీఎంపీ డైరెక్టరీని టీఎంపీఎఫ్‌ఎస్‌గా మార్చింది ఎవరు? నేనే. విద్యార్థులు తెరిచిన పీడీఎఫ్‌లు, ఎవరో సగంలో వదిలేసిన జిప్ ఫైళ్లు అన్నీ ర్యామ్‌లో కూర్చున్నాయి. డిస్కు మీదికి మార్చాను. 2.3 జీబీ తిరిగి వచ్చింది. వేగంలో తేడా ఎవరూ గమనించలేదు.

ప్రారంభ సగటు (ఫైర్‌ఫాక్స్‌లో ఐదు ట్యాబ్‌లు, ఒక లిబ్రేఆఫీస్ పత్రం, కొందరికి కోడ్ ఎడిటర్):
- డెస్క్‌టాప్, ఎక్స్ సర్వర్ (తెరను గీసేది), చిల్లర: 290 ఎంబీ
- ఫైర్‌ఫాక్స్: 860 ఎంబీ
- లిబ్రేఆఫీస్, ఎడిటర్: 230 ఎంబీ

మొత్తం: మనిషికి 1,380 ఎంబీ. తగ్గవలసినది 480.

దశ 1: వెళ్లిపోయినవారి సెషన్లు

లాగిన్ అయి ఉన్నవారు పధ్నాలుగు మంది. సర్వర్‌లో సెషన్లు ఇరవై ఐదు. మిగిలిన పదకొండు మంది నిన్నటివారు, మొన్నటివారు. లాగౌట్ చేయకుండా మానిటర్ స్విచ్ నొక్కేసి బస్సుకు పరిగెత్తినవాళ్లు. వారి ఫైర్‌ఫాక్స్‌లు మాత్రం ల్యాబ్‌లోనే కాపురం. ఒక్కొక్కటి సగటున 640 ఎంబీ, మొత్తం 7 జీబీ.

ఎక్స్‌ఆర్‌డీపీ సెషన్లను చూసే సెస్‌మ్యాన్ కాన్ఫిగరేషన్ ఫైలులో కిల్‌డిస్‌కనెక్టెడ్‌ను ట్రూ చేసి, డిస్‌కనెక్టెడ్‌టైమ్‌లిమిట్ 60 సెకన్లు పెట్టాను. అది అనుమతించే కనిష్ఠం అదే. ఒక్క రోజు హాయిగా గడిచింది. రెండో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. సర్వర్‌కు యూపీఎస్ ఉంది, టేబుళ్ల మీది యంత్రాలకు లేదు. నాలుగు నిమిషాల తరువాత కరెంటు వచ్చేసరికి తొమ్మిది మంది రాసుకున్న రికార్డులు సెషన్లతో పాటు పోయాయి. ఆ సాయంత్రం ల్యాబ్‌లో నా పేరు బాగా వినిపించింది.

మార్పులు:
1. గడువు 60 నుంచి 1,200 సెకన్లకు. మా దగ్గర కోతలు చాలావరకు పావుగంట లోపే.
2. లిబ్రేఆఫీస్ దానంతట అది సేవ్ చేసే వ్యవధి 10 నిమిషాల నుంచి 3 నిమిషాలకు, అందరికీ.
3. లాగిన్లను చూసే సిస్టమ్‌డీ సేవ లాగిన్‌డీలో కిల్‌యూజర్‌ప్రాసెసెస్ = యెస్. సెషన్ ముగిశాక కూడా వేలాడే ఫైర్‌ఫాక్స్ ప్రాసెస్‌లు దీంతో పోతాయి.

మూడోదానికి కూడా ఒక బలి ఉంది. గణాంక శాస్త్రం మాస్టారు రాత్రంతా నడవాలని, తెర మూసినా పని సాగించే టీమక్స్‌లో వదిలిన లెక్క, ఆయన లాగౌట్ కాగానే చచ్చిపోయింది. అధ్యాపకుల ఖాతాలను కిల్‌ఎక్స్‌క్లూడ్‌యూజర్స్ జాబితాలో చేర్చాను. అందులో ముందునుంచీ ఉన్న రూట్‌ను తీసేయకుండా చేర్చాలి.

మొత్తం: మనిషికి 1,380 ఎంబీయే. కానీ 2.3 + 7 = 9.3 జీబీ ఖాళీ అయింది. ఇంతవరకు ఏ ప్రోగ్రామునూ సన్నబరచలేదు.

దశ 2: డెస్క్‌టాప్ చిల్లర

దూరం నుంచి చూసే సెషన్‌లో బ్లూటూత్‌కు పనేమిటి? అయినా బ్లూమ్యాన్ ఆప్లెట్ ప్రతి విద్యార్థికీ 38 ఎంబీ తింటోంది. ప్రింటర్ ఆప్లెట్ 31. ఈ రెండూ పైథాన్‌లో రాసినవి. ప్రతి వినియోగదారుకూ విడిగా ఒక పైథాన్ ఇంటర్‌ప్రెటర్ మొదలవుతుంది, దాని హీప్‌లో (సొంత మెమరీలో) పంచుకోవడానికి దాదాపు ఏమీ ఉండదు. పవర్ మేనేజర్, స్క్రీన్ లాకర్, నెట్‌వర్క్ ఆప్లెట్ కలిసి 41. బల్ల మీది ఒక్క యంత్రంలో ఎవరూ పట్టించుకోని 110 ఎంబీ ఇక్కడ ముప్పైతో గుణిస్తే 3.3 జీబీ.

మొదట ఎక్స్‌డీజీ ఆటోస్టార్ట్ ఫైళ్లలో (లాగిన్ కాగానే ఏవి మొదలవ్వాలో చెప్పేవి) హిడెన్ = ట్రూ అని చేర్చాను. తరువాతి అప్‌డేట్‌లో డెబియన్ ప్రతి ఫైలుకూ ఆగి, మీరు మార్చినది ఉంచాలా, కొత్తది వేయాలా అని అడిగింది. అక్కరలేని ప్యాకేజీని తీసేయడమే శుభ్రం. తీస్తే వేరేవి ఊడిపోయే చోట మాత్రమే హిడెన్ వాడాను.

ఈ ఊపులో ఏటీ-ఎస్‌పీఐ సేవలను కూడా ఆపేశాను. 11 ఎంబీ. మర్నాడు చూపులేని ఒక విద్యార్థి వచ్చి ఓర్కా మాట్లాడటం లేదని చెప్పాడు. తెరను చదివి వినిపించే ఓర్కా ఆ సేవల మీదే ఆధారపడుతుంది. పది నిమిషాల్లో తిరిగి పెట్టాను. ఆ 11 ఎంబీ మీద మళ్లీ చెయ్యి వేయలేదు, పై 110లో అది కలవలేదు.

ఇక తెలుగు టైపింగ్. ఐబస్ డీమన్, దాని ప్యానెల్, ఇంజన్, మరో రెండు సహాయకులు కలిపి 62 ఎంబీ. ఎక్స్ సర్వర్ సొంత కీబోర్డు వ్యవస్థ ఎక్స్‌కేబీలో తెలుగు కీబోర్డు అమరిక ఎలాగూ ఉంది, దానికి విడిగా ప్రాసెస్ అక్కరలేదు, పూర్తిగా ఉచితం. ఐబస్‌ను తీసి దాన్ని పెట్టాను. తెలుగు శాఖ నుంచి తిరుగుబాటు. పిల్లలందరికీ అలవాటైంది ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి, ఎక్స్‌కేబీ అది చేయదు. రాజీ ఇది: ఐబస్ తనంతట తాను మొదలుకాదు, డెస్క్‌టాప్ మీద «తెలుగు» అనే బొమ్మ నొక్కితే మొదలవుతుంది. ఒక తరగతిలో ఆరేడుగురే నొక్కుతున్నారు. సగటున 48 ఎంబీ మిగిలింది.

మొత్తం: 1,380 − 110 − 48 = 1,222 ఎంబీ.

దశ 3: ఫైర్‌ఫాక్స్

అసలు యుద్ధం ఇక్కడ. ఫైర్‌ఫాక్స్ తన అలవాట్లను యంత్రంలోని మొత్తం మెమరీని చూసి నిర్ణయించుకుంటుంది. 32 జీబీ కనబడగానే అదంతా తనదే అనుకుంటుంది. పక్కన ఇరవై తొమ్మిది ఫైర్‌ఫాక్స్‌లు అదే అనుకుంటున్నాయని దానికి తెలియదు.

పాలసీస్ డాట్ జేసన్ ఫైలు ద్వారా అందరికీ ఒకేసారి సెట్టింగులు పెట్టి, తాళం వేయవచ్చు. ఒక్కోసారి ఒక్క మార్పే చేసి, ఒక మంగళవారం కొలిచాను.

ప్రయత్నం 1. డామ్.ఐపీసీ.ప్రాసెస్‌కౌంట్ 8 నుంచి 2. ఎక్కడ చూసినా దొరికే సలహా ఇదే. పొదుపు: 0. సైట్లను వేరు చేసే ఫిషన్ వచ్చాక ప్రతి సైటుకూ దాని సొంత ప్రాసెస్ ఉంటుంది, ఈ అంకె వాటిని ఆపదు. ఆ సలహాలు ఫిషన్ రాకముందువి.

ప్రయత్నం 2. నా ఖాతాలో మాత్రం ఫిషన్‌నే ఆపి చూశాను. 190 ఎంబీ తగ్గింది. ఉంచుకోలేదు. ఒక సైటు స్క్రిప్టు ఇంకొక సైటు డేటాను చదవకుండా అడ్డుకునే గోడ అది. స్కాలర్‌షిప్ దరఖాస్తులు, బ్యాంకు వివరాలు ఇదే ల్యాబ్‌లో నింపుతారు. మెమరీ కోసం ఆ గోడ కూల్చే బేరం నాకు నచ్చలేదు.

ప్రయత్నం 3. డామ్.ఐపీసీ.ప్రాసెస్‌ప్రీలాంచ్.ఎనేబుల్డ్ = ఫాల్స్. రాబోయే ట్యాబ్ కోసం ఫైర్‌ఫాక్స్ ముందుగానే మూడు ఖాళీ ప్రాసెస్‌లు వండి పెట్టుకుంటుంది. మెమరీ తక్కువున్న యంత్రంలో దానికదే ఈ పని మానేస్తుంది, కానీ ఇక్కడ దానికి కనిపిస్తున్నది 32 జీబీ. పొదుపు: 80 ఎంబీ. కొత్త సైటు తెరుచుకోవడం అర సెకను ఆలస్యం.

ప్రయత్నం 4. వెనక్కి బాణం నొక్కితే వెంటనే కనిపించడానికి పాత పేజీలను బతికించి ఉంచే సెట్టింగు, బ్రౌజర్.సెషన్‌హిస్టరీ.మ్యాక్స్_టోటల్_వ్యూయర్స్. మామూలుగా −1, అంటే మెమరీని చూసి తానే నిర్ణయించుకుంటుంది. 2 చేశాను. పొదుపు: 35.

ప్రయత్నం 5. మాల్లాక్_అరీనా_మ్యాక్స్ = 2 అని ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టాను. ఫైర్‌ఫాక్స్‌లో పొదుపు 0, ఎందుకంటే అది జీలిబ్‌సీ మాల్లాక్‌ను (లినక్స్‌లో మామూలు మెమరీ కేటాయింపుదారును) వాడదు, దాని కేటాయింపుదారు దానికే ఉంది. లిబ్రేఆఫీస్, ఫైళ్లు చూపే థునార్‌లలో కలిపి 11 వచ్చింది కాబట్టి ఉంచాను. లెక్కలో దశ 4లో వేస్తాను.

ప్రయత్నం 6. అబౌట్:ప్రాసెసెస్ తెరిచి ఒక తెలుగు వార్తల పేజీ ముందు కూర్చున్నాను. ఒక్క ట్యాబ్, పధ్నాలుగు ప్రాసెస్‌లు. వార్త ఒకదానిలో, మిగిలినవాటిలో ఎక్కువ ప్రకటనల చట్రాలు. ఒక్కో ప్రకటన ఒక్కో సైటు నుంచి వస్తుంది కాబట్టి ఫిషన్ ఒక్కోదానికీ ఒక ప్రాసెస్ ఇస్తుంది. పాలసీ ద్వారా, ప్రకటనలను అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్‌ను అందరికీ వేశాను. అది తనకోసం 55 ఎంబీ తీసుకుంటుంది, అందుకే మొదట్లో వద్దనుకున్నాను. అదే పేజీ ఇప్పుడు ఐదు ప్రాసెస్‌లు. దాని ఖర్చు పోను పొదుపు: 135.

ఒక్క పొడిగింపు ఇంత చేస్తుందని ఊహించలేదు. ఉంచుకున్నవాటిలో అతి పెద్దది ఇదే, చివరగా ప్రయత్నించినదీ ఇదే.

ఎడిటర్ సంగతి క్లుప్తంగా. ఎలక్ట్రాన్ మీద కట్టిన కోడ్ ఎడిటర్ అంటే ఇంకొక పూర్తి బ్రౌజర్ అన్నమాట. సీ భాష ల్యాబ్‌కు జియానీ అనే తేలికపాటి ఎడిటర్ పెట్టాను. పైథాన్ ప్రాజెక్టులవారికి పాతదే ఉంచాను. సగటున 45 తగ్గింది, గొణుగుడు మాత్రం అంతకు మించి వచ్చింది.

మొత్తం: 1,222 − 80 − 35 − 135 − 45 = 927 ఎంబీ.

దశ 4: కెర్నల్

కేఎస్‌ఎం మీద చాలా ఆశ పెట్టుకున్నాను. ఒకేలాంటి పేజీలను వెతికి ఒక్కటిగా కలిపేస్తుంది, ముప్పై మందివీ అవే ప్రోగ్రాములు, ఇంకేం కావాలి? ఆన్ చేశాను. గంట తరువాత పేజెస్_షేర్డ్ విలువ 0. రాత్రంతా వదిలాను. 0. కేఎస్‌ఎం తనంతట తాను అన్నీ కలపదు. నా పేజీలు కలపవచ్చు అని ప్రోగ్రామే ఎం‌అడ్వైజ్ ద్వారా చెప్పాలి. వర్చువల్ మెషీన్లు నడిపే క్యూఈఎంయూ చెబుతుంది, ఫైర్‌ఫాక్స్ చెప్పదు. ప్రాసెస్ మొత్తానికి ఒకేసారి అనుమతి ఇచ్చే వీలు కెర్నల్ 6.4లో వచ్చింది, డెబియన్ 12 కెర్నల్ 6.1. పైగా, కలిసిన పేజీలో రాయడానికి పట్టే సమయాన్ని బట్టి పక్కవారి మెమరీలో ఏముందో పసిగట్టే దాడులు ఉన్నాయి. అపరిచితులు పంచుకునే యంత్రంలో అది చిన్న విషయం కాదు. ఆపేశాను.

పెద్ద పేజీల సెట్టింగు ఆల్వేస్ మీద ఉంది. 4 కేబీ చాలిన చోట 2 ఎంబీ ఇస్తుంది. అడిగిన ప్రోగ్రాముకే ఇచ్చే ఎం‌అడ్వైజ్‌కు మార్చి, అందరూ మళ్లీ లాగిన్ అయ్యాక కొలిచాను. పొదుపు: 38.

జెడ్‌ర్యామ్: స్వాప్‌ను డిస్కు మీద కాక, కుదించి ర్యామ్‌లోనే పెట్టడం. 8 జీబీ, జెడ్‌ఎస్‌టీడీ పద్ధతి. రెండు రోజులు దానిలో ఒక్క బైటూ పడలేదు, డిస్కు గరగర ఆగలేదు. స్వాప్‌ఆన్ ఆదేశంలో ప్రాధాన్యం ఇవ్వలేదు కాబట్టి జెడ్‌ర్యామ్‌కు రుణ సంఖ్య వచ్చింది. డిస్కుల జాబితా ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లోని పాత డిస్కు స్వాప్‌కు ఎప్పుడో 10 అని రాసి ఉంది. కెర్నల్ చెప్పినట్టే విన్నది.

1. జెడ్‌ర్యామ్ ప్రాధాన్యం 100, డిస్కు స్వాప్ 10.
2. వీఎం.స్వాపీనెస్ 150 (స్వాప్ వైపు ఎంత మొగ్గాలో చెప్పేది; కెర్నల్ 5.8 నుంచి 200 దాకా ఒప్పుకుంటుంది).
3. వీఎం.పేజ్-క్లస్టర్ 0. పక్క పేజీలను కూడా ముందుగా లాక్కురావడం డిస్కుకు లాభం, ఇక్కడ దండగ.

జెడ్‌ర్యామ్‌కంట్రోల్ చూపినది: 3 జీబీ డేటా 1 జీబీలో. ఇది సగటులో కలపలేదు. నా స్క్రిప్టు స్వాప్‌ను పూర్తి పరిమాణంతోనే లెక్కిస్తుంది. ఇది గుమ్మం దగ్గర పెట్టుకున్న గొడుగు.

మొత్తం: 927 − 38 − 11 = 878 ఎంబీ. లక్ష్యం 900.

దశ 5: హద్దులు

సగటు బాగున్నా ఒక్కడు నలభై ట్యాబ్‌లు తెరిస్తే చాలు. యూజర్ స్లైస్‌లకు (ఒక్కో వినియోగదారు సీగ్రూప్‌కు) మెమరీమ్యాక్స్ = 1 జీబీ పెట్టాను. మొదటి గంటలోనే ముగ్గురి తెరలు నల్లబడ్డాయి. హద్దు దాటగానే కెర్నల్ ఆ వినియోగదారు ప్రాసెస్‌లలో ఒకదాన్ని చంపుతుంది. ఒకరికి అది ఎక్స్ సర్వర్ అయింది, దాంతో సెషనే పోయింది.

ఇప్పుడు మెమరీహై 1,500 ఎంబీ, మెమరీమ్యాక్స్ 2,200. మొదటిది దాటినవారు చంపబడరు, నెమ్మదిస్తారు. వారే ట్యాబ్‌లు మూసుకుంటారు.

చివరి కాపలాగా, మెమరీ అడుగంటబోతుంటే ముందే ఒక ప్రాసెస్‌ను చంపే ఎర్లీఊమ్. ముందుగా వెబ్ పేజీల ప్రాసెస్‌లను చంపమని దాని ప్రిఫర్ ఆప్షన్‌లో ఐసోలేటెడ్ వెబ్ కంటెంట్ అని రాశాను. పరీక్షిస్తే వాటిని వదిలి లిబ్రేఆఫీస్‌ను చంపింది. లినక్స్ ప్రాసెస్ పేరును 15 అక్షరాల దగ్గర కోసేస్తుంది. ఇంగ్లిష్‌లో రాస్తే అక్కడ మిగిలేది «ఐసోలేటెడ్ వెబ్ కో» వరకే. అదే రాయాలి. ఇంకొకటి: ఎర్లీఊమ్ మెమరీ, స్వాప్ రెండూ అడుగంటితేనే కదులుతుంది. జెడ్‌ర్యామ్ ఖాళీగా ఉన్నంతసేపు నిద్రపోతుంది. స్వాప్ హద్దును 10 శాతం నుంచి 50కి పెంచాను.

పరీక్ష: ముప్పై మంది

శుక్రవారం మూడో పీరియడ్, ముప్పై కుర్చీలూ నిండాయి. యాభై నిమిషాలు.

- మనిషికి సగటు: 884 ఎంబీ
- అందుబాటులో మిగిలిన మెమరీ, కనిష్ఠంగా: 2.6 జీబీ
- జెడ్‌ర్యామ్‌లో: 1.2 జీబీ డేటా, పట్టిన చోటు 0.4
- డిస్కు స్వాప్: 0
- మెమరీహై తగిలినవారు: ఒక్కరు. పందొమ్మిది ట్యాబ్‌లు, వాటిలో నాలుగు వీడియోలు.
- పోయిన సెషన్లు: 0

సాయంత్రం ఆఫీసు నుంచి కబురు వచ్చింది. ల్యాబ్ బాగా నడుస్తోందట కదా, అడ్మిషన్ల గదిలోని రెండు పాత కంప్యూటర్లు కూడా దీనికే కలపమన్నారు. 27.2ను ముప్పై రెండుతో భాగిస్తే 850. సోమవారం నుంచి మళ్లీ దశ 3.